ఇద్దరు ఓబులేసులు, ఒక కంప్యూటర్ పేపరు

నేను ఉద్యోగం మానేసిన రోజు మైకు అందుకున్న ప్రతి ఒక్కరూ ఒకే కథ చెప్పారు. ఎనభైల నాటి నంద్యాలలో, కంప్యూటర్ అనే మాట వినడమే తప్ప చూసినవాళ్లు లేని కాలంలో, బి.కాం. చదివే ఒక ఆడపిల్ల అట్టముక్క మీద కీబోర్డు గీసుకుని, దాని మీద వేళ్లు ఆడించి ఆడించి, చివరికి విత్తనాల కంపెనీలో సిస్టమ్స్ మేనేజరు కుర్చీ దాకా వచ్చిందట. చప్పట్లు. శాలువా.

ఈ కథలో మూడు తప్పులున్నాయి. అట్ట మీద కీబోర్డు గీసింది నేను కాదు, నా క్లాసుమేటు ఎస్తేరు. ఆ గీసినదాంట్లో ఒక వరుస తక్కువ వచ్చింది కాబట్టి దాని మీద నేర్చుకున్నా ఒకటే, నేర్చుకోకపోయినా ఒకటే. మూడోది అసలైనది. మా కష్టం కంప్యూటర్ లేకపోవడం కాదు. చివరి యేడాదికి కంప్యూటర్ దొరికింది. దొరికిన తర్వాతే, నేను చేసిన పని వల్ల, ఒక మనిషి కన్ను పోయింది.

శాలువా కప్పేటప్పుడు ఈ మాట నోటిదాకా వచ్చింది. భోజనాలు చల్లారిపోతాయని ఊరుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇప్పుడు రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. ఒకే కుర్చీలో తగినన్నేళ్లు కూర్చుంటే అవి ఎవరికైనా వస్తాయి.

కామర్సు వాళ్లకు కంప్యూటర్ ఏందీ

మా కాలేజీలో బి.కాం. రెండో యేడాదికి కంప్యూటర్ సమాచార వ్యవస్థలు అని ఒక ఐచ్ఛిక పేపరు పెట్టారు. ఐచ్ఛికం అంటే ఇష్టమున్నవాళ్లు తీసుకోవచ్చని. రెండో ఐచ్ఛికం చెప్పే సారు అదే నెలలో బదిలీ అయిపోయాడు కాబట్టి అందరికీ ఇదే ఇష్టమైంది.

బి.ఎస్సీ. వాళ్లకు ఒళ్లు మండింది. వరండాలో ఒకడు నిలేశాడు.

"కామర్సు వాళ్లకు కంప్యూటర్ ఏందబ్బా? కిరాణా అంగట్లో పప్పుడబ్బాల పక్కన పెట్టుకుంటారా?"

"పెట్టుకుంటాం. నువ్వు మోసుకొచ్చి దించిపో," అన్నాను.

వాడి ప్రశ్న తెలివితక్కువదే గానీ ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు కాబట్టి జవాబు రాస్తాను. యంత్రం ఎట్లా నడుస్తుందో సైన్సు వాళ్లు నేర్చుకుంటారు, సంతోషం. దాంట్లో ఎవరి పేరు పెడతాం, ఎందుకు పెడతాం, పెట్టాక ఆ మనిషికి ఏమవుతుంది అన్నది మేం నేర్చుకోవాలి. మేం మొదటి రెండూ నేర్చుకున్నాం.

పాఠం చెప్పింది ప్రభాకరం సారు. ఆయన హైదరాబాదులో నలభై రోజులు శిక్షణకు పోయి, నాలుగు లావుపాటి నోటుబుక్కులతో తిరిగొచ్చాడు. వాటిలో ఉన్నది అక్షరం పోకుండా చెప్పేవాడు. లేనిది అడిగితే, "అది నలభై ఒకటో రోజు చెప్పేవాళ్లేమో, నేను అప్పటికే రైలెక్కినా," అనేవాడు. తెలియనిది తెలియదని చెప్పే మేష్టర్లు ఆ కాలేజీలో ఇద్దరే ఉండేవాళ్లు. రెండో ఆయన లైబ్రేరియను.

మొదటి నెలంతా ఫ్లోచార్టులు. ఒక పనిని మెట్లు మెట్లుగా విడగొట్టి, గడులు గీసి, బాణాలు పెట్టాలి. మీ ఇంటి నుంచి కాలేజీకి ఎట్లా వస్తారో గీయమన్నాడు. ఎస్తేరుది ఆళ్లగడ్డ. శని ఆదివారాలు ఇంటికి పోయి సోమవారం పొద్దున బస్సుకు వచ్చేది. ఆమె మూడే గడులు గీసింది. బస్టాండులో నిలబడు. బస్సు వచ్చిందా? లేదు. అక్కడి నుంచి బాణం మళ్లీ మొదటి గడికి.

సారు చూసి, "దీనికి ముగింపు యాడమ్మా? ఇట్లయితే ఈ ప్రోగ్రాం జన్మలో ఆగదే," అన్నాడు.

"మీరు ఆళ్లగడ్డలో బస్సుకు ఎప్పుడన్నా నిలబడినారా సార్?" అంది ఎస్తేరు.

క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. పదికి ఏడు వేశాడు. ఈ వృత్తిలో నేను విన్న మంచి సమాధానాల్లో అదొకటి. కాగితం మీద గీసినది ఊరితో సరిపోవాలి గానీ ఊరు కాగితంతో సరిపోవక్కర్లేదని ఆ పిల్ల ఒక్క మాటలో చెప్పింది. నేను నవ్వాను, మరిచిపోయాను.

చెప్పులు బయట

మూడో యేడాదికి మెయిన్ బజారులో బట్టలంగడి పైన ఒక కంప్యూటర్ సెంటరు తెరిచారు. యజమాని చంద్రమౌళి. నంద్యాల మొత్తానికి ఏసీ గదులు ఎన్ని ఉండేవో తెలియదు గానీ నేను అడుగుపెట్టిన మొదటిది అదే. చెప్పులు బయట విడవాలి. యంత్రానికి పైన బొట్టు, శుక్రవారమైతే మల్లెపూలు. మా కాలేజీ వాళ్లకు వారానికి మనిషికి అరగంట. అందులో యంత్రం తెరుచుకోవడానికి కొంత, ఫ్లాపీ దొరకడానికి కొంత, చంద్రమౌళి జాగ్రత్తలు చెప్పడానికి మిగిలింది పోయేది.

"గట్టిగా కొట్టాకండమ్మా మీటలు. రోలు కాదు."

ఎస్తేరు నిజంగానే గట్టిగా కొట్టేది. ఆమె చేత ప్రోగ్రాం కొట్టించి, అది ఎట్లా ఉండాలో చెబుతూ నేను పక్కన కూర్చునేదాన్ని. మా ఇద్దరి మధ్య పని విభజన అదీ. ఆమె చెయ్యి, నా నోరు. జరిగినదాంట్లో ఎవరి భాగం ఎంతో మీకు తెలియాలని రాస్తున్నాను.

ప్రాజెక్టు

చివరి యేడాదిలో ఒక నిజమైన సంస్థకు సమాచార వ్యవస్థ తయారు చేసి చూపించాలి, వంద మార్కులు. మిగతావాళ్లు మేనమామల అంగళ్లకు స్టాకు జాబితాలు చేస్తామన్నారు. ఎస్తేరు వాళ్ల నాయన దానియేలు ఆళ్లగడ్డలో ఒక చిన్న ఆసుపత్రిలో గుమాస్తా. ఆ ఆసుపత్రి వాళ్లు యేడాదికొకసారి చలికాలంలో ఉచిత కంటి క్యాంపు పెట్టేవాళ్లు. బయటినుంచి డాక్టర్లు వచ్చి నాలుగు రోజులు శుక్లాలు తీసి పోయేవాళ్లు. ఊరూరి నుంచి పేర్ల చీటీలు వచ్చేవి. దానియేలు మామ వాటిని లావు రిజిస్టర్లలోకి ఎక్కించేవాడు.

ఆయన బాధ ఒకటే. "ఒకరికి ఒక యేడాది ఒక కన్నే చేస్తామమ్మా. రెండో కంటికి అందరి వంతు అయినాకనే రావల్ల. మనోళ్లు ఇంటే గదా? పోయినేడు ఒక కన్ను చేయించుకున్నోళ్లు ఈ యేడు రెండోదానికి మళ్లీ పేరు రాయిస్తాండారు. మొదటి కన్నే కానోళ్లు ఎనక పడిపోతాండారు. రిజిస్టరు తిరగేసి పట్టుకునేసరికి నా కండ్లకే శుక్లం వచ్చేటట్టుంది."

ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఏముంటుంది? పోయినేడు ఆపరేషన్ అయినవాళ్ల పేర్లు ఒక ఫైలు. ఈ యేడు వచ్చిన పేర్లు ఇంకో ఫైలు. రెండూ పోల్చి, రెండింటిలో ఉన్నవాళ్లను కొత్త జాబితా నుంచి తీసేయాలి. డాక్టర్ల చేతికి చక్కటి అచ్చు జాబితా వస్తుంది. ప్రభాకరం సారుకు చెబితే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఇక పేర్ల సంగతి. అహోబిలం పక్కన ఇంటికొక ఓబులేసు, ఓబుళమ్మ ఉంటారు. మొక్కుకుని కన్న పిల్లలకు స్వామి పేరు పెట్టుకోవాలి. మొక్కు అందరి మీదా ఉంటే అందరికీ అదే పేరు. అప్పుడు పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు అవుతారు. యాగంటి పక్కనా మహానంది పక్కనా స్వామి మారతాడు, పద్ధతి మారదు. మా ఇంట్లోనే ఇద్దరు మేనత్తలు, పెద్ద సుబ్బమ్మ, చిన్న సుబ్బమ్మ. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు కాదు, అది వేరే సంగతి.

మేం పేరుకు కేటాయించిన గడి పద్దెనిమిది అక్షరాలు. ఇంగ్లీషులో ఇంటిపేరు రాసి, ఆపైన పెద్దా చిన్నా రాసి, ఆపైన ఓబులేసు రాస్తే తోక తెగిపోతోంది. గడి పెంచితే ఫ్లాపీ చాలదు. ఎస్తేరు ఏం చేద్దామే అని అడిగింది. నేను చెప్పిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి. ఎందుకంటే ఆ రోజు వాటిని చెప్పి చాలా సంతోషపడ్డాను.

"పెద్ద, చిన్న, నడిపి అనేవి పేర్లు కాదే. విశేషణాలు. తీసేద్దాం."

"తీసేస్తే ఇద్దరు కలిసిపోరా?"

"ఎట్ల కలుస్తారు? ఇంటిపేరు ఉంది. నాయన పేరు ఉంది. ఊరు ఉంది. ఈ మూడూ, పేరూ, నాలుగూ ఒకటే ఉన్న మనుషులు ప్రపంచంలో ఇద్దరుంటారా?"

అన్నదమ్ములకు ఇంటిపేరు, నాయన పేరు, ఊరు ఒకటే ఉంటాయని నాకు తట్టలేదు. క్లాసులో ఫస్టు నేను.

వయసు గడి ఎందుకు పోల్చలేదని అడుగుతారేమో. చీటీల్లో అందరి వయసూ అరవై. శుక్లం వచ్చిందంటే అరవై అని రాసేవాళ్లు. దాన్ని నమ్మకూడదని మాత్రం తెలివిగానే పట్టుకున్నాం.

ప్రోగ్రాం పనిచేస్తుందో లేదో ముందు నకిలీ పేర్లతో పరీక్షించాలి. సారు నోటుబుక్కులోంచి పది పేర్లు ఇచ్చాడు. ఒక కుమార్, ఒక శర్మ, ఒక గుప్తా, ఇట్లా. ఆళ్లగడ్డ కంటి క్యాంపుకు ఈ పేర్లున్న మనిషి ఒక్కడూ ఏనాడూ రాలేదు. ప్రోగ్రాం మాత్రం అద్భుతంగా పనిచేసింది.

జాబితా అచ్చయి ఆళ్లగడ్డకు పోయింది. క్యాంపు జరిగింది. డాక్టర్లు మెచ్చుకున్నారని దానియేలు మామ ఉత్తరం రాశాడు. వైవాకు వచ్చిన బయటి పరీక్షకుడు ఆ ఉత్తరం చదివి, "ప్రజోపయోగం," అని ఒకటికి రెండుసార్లు అన్నాడు. నాకు, ఎస్తేరుకు చెరి తొంభై ఆరు. కాలేజీ నోటీసు బోర్డు మీద మా పేర్లు వేసవి సెలవుల దాకా ఉన్నాయి.

గేటు దగ్గర

పై యేడాదికి నేను చంద్రమౌళి సెంటర్లోనే పనికి కుదిరాను. ఎస్తేరు బి.ఇడి.లో చేరింది. ఆసుపత్రి వాళ్లు మళ్లీ జాబితా అడిగారు. అదే ప్రోగ్రాం, కొత్త పేర్లు. ఈసారి నేనే స్వయంగా తీసుకుని క్యాంపు రోజు పొద్దున ఆళ్లగడ్డకు పోయాను. ఎస్తేరు సెలవు పెట్టి వచ్చింది. మా పని జనంలో నడవడం కండ్లారా చూద్దామని ఇద్దరికీ ఉబలాటం.

గేటు లోపల బల్ల వేసుకుని దానియేలు మామ కూర్చున్నాడు. బయట వరుస రోడ్డు మలుపు దాకా ఉంది. వరుసలో లేకుండా ఒక పెద్దాయన నేరుగా బల్ల దగ్గరికి వచ్చాడు. లావు కండ్లద్దాలు. వెనక ఆయన భుజం పట్టుకుని ఇంకొకాయన. ముఖాలు చూస్తేనే అన్నదమ్ములని తెలుస్తోంది.

"ఎవురప్పా ఈడ కంప్యూటరు?" అన్నాడు ముందాయన.

"కంప్యూటర్ ఈడ లేదు పెద్దాయనా, నంద్యాలలో ఉండాది. నేను రాసిచ్చినా జాబితా," అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "నువ్వా? మనిషివే గదమ్మా నువ్వు."

"ఏమైంది?"

"ఏమైందా? ముందటేడు నాకు కన్ను చేసినారు. పోయినేడు మా తమ్ముడు వస్తే, నీకు అయిపోయిందని యెనక్కి తోలినారు. ఎవురికి అయింది? నాకయింది. నేను పెద్ద ఓబులేసును. వీడు చిన్న ఓబులేసు. వీని పెండ్లాము, నా పెండ్లాము ఎప్పుడూ ఎవురి మొగుడో తేల్చుకోను తడబడలేదు. మీకేమిటికి తడబాటు?"

వరుసలో ముందున్నవాళ్లు నవ్వారు. దానియేలు మామ నవ్వలేదు. ఆయనకు గుర్తొచ్చింది. ఆ రోజు జరిగింది ఆయనే మాకు తర్వాత చెప్పాడు, ఒక్క మాట కూడా తనకు అనుకూలంగా మార్చకుండా.

పోయినేడు చిన్న ఓబులేసు ఇదే గేటు దగ్గరికి వచ్చాడు. జాబితాలో ఆయన పేరు లేదు. ముందటేడు ఆపరేషన్ అయినవాళ్ల కాగితంలో ఉంది.

"నీకు పోయినేడే అయింది గదప్పా," అన్నాడట దానియేలు మామ.

"ఏది సామీ?"

"ఆపరేషను. కుడికన్ను. కంప్యూటర్లో ఉండాది."

"నాకు కాలేదు సామీ. మా అన్నకు చేసినారు."

"మీ అన్న పేరేంది?"

"ఓబులేసు."

"నీ పేరు?"

"ఓబులేసు."

అప్పుడు కూడా వరుసలో జనం నవ్వారట. దానియేలు మామ ఆళ్లగడ్డలో పుట్టి పెరిగిన మనిషి. పెద్ద చిన్నల సంగతి ఆయనకు తెలియక కాదు. అంతకు ముందు తన చేతి రిజిస్టర్లో 'పెద్ద' అని రాసింది కూడా ఆయనే. కానీ రెండో కంటి కోసం అబద్ధమాడినవాళ్లను యేండ్లుగా చూసి ఉన్నాడు, చేతిలో అచ్చు కాగితం ఉంది, వెనక రెండొందల మంది ఉన్నారు. ఆ మనిషి గడ్డం కింద వేలు పెట్టి ముఖం ఎత్తి చూస్తే, కంటిలో తెల్లగా గుడ్డు మాదిరి శుక్లం కనపడేది. చూడలేదు. చూడాల్సిన అవసరం లేకుండా చేయడానికే మేం జాబితా ఇచ్చాం.

ఇప్పుడు చూశాం. డాక్టరు లోపలికి పిలిపించి పరీక్ష చేశాడు. బయటికి వచ్చి మాకు రెండు ముక్కల్లో చెప్పాడు. కుడికంటిలో శుక్లం ముదిరిపోయి, లోపల ఒత్తిడి పెరిగి, నరం చచ్చిపోయింది. ఇప్పుడు తీసినా చూపు రాదు. పోయినేడు తీసి ఉంటే వచ్చేది. ఎడమకంటిలో కూడా శుక్లముంది, దానికి చేయవచ్చు.

అన్నదమ్ములిద్దరూ విసుర్రాళ్లకు, రోళ్లకు ఉలితో గంట్లు కొట్టే పని చేసేవాళ్లు. ఊరూరూ తిరిగి చేసే పని. యేడాదిగా తమ్ముడు ఉలి పట్టలేదు. రాయి అనుకుని రెండుసార్లు వేలు కొట్టుకున్నాడట. అప్పటినుంచి అన్న రాయి కొడుతుంటే ఈయన పక్కన కూర్చుని మాటలు చెప్పేవాడట.

నేను చిన్న ఓబులేసు ముందు నిలబడ్డాను. తప్పు మాదే అని చెప్పాను. పేరుకు ముందరి మాట తీసేయమన్నది నేనే అని కూడా చెప్పాను. నా జీవితంలో వాదన లేకుండా మాట్లాడిన సందర్భాలు తక్కువ, అందులో అదొకటి.

పెద్ద ఓబులేసు ఏదో అనబోయాడు. తమ్ముడు ఆపాడు. "ఊరుకోన్నా. చిన్నపిల్ల." తర్వాత నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి, "నేను గట్టిగా అడగాల్సింది లేమ్మా. కంప్యూటర్లో ఉంది అంటిరి గదా. నాకు తెలీకుండా ఎప్పుడన్నా చేసిపెట్టినారేమో, నాకే కనపడటం లేదేమో అనుకుంటి," అన్నాడు.

ఎస్తేరు గోడ పక్కకు పోయింది. నేను పోలేదు.

ఆ సాయంత్రమే ఆయన ఎడమకంటికి ఆపరేషన్ చేశారు. వరుసలో అందరికంటే ముందు చేశారు. దానియేలు మామ దగ్గరుండి చేయించాడు. ఆ కన్ను బాగయింది. ఆ రోజు మిగిలినవాళ్లను కూడా దానియేలు మామ జాబితా పక్కన పెట్టి, కండ్లు చూసే లోపలికి పంపాడు.

సారు ఏమన్నాడు

నంద్యాలకు వచ్చి ప్రభాకరం సారు ఇంటికి పోయి చెప్పాను. ఆయన ఉగ్గాని తింటున్నాడు. ప్లేటు పక్కన పెట్టి మొత్తం విన్నాడు. "మార్కులు పోయినేడే వేసేసినాం గదమ్మా," అన్నాడు.

నేను మార్కులు తగ్గించమని రాలేదన్నాను.

"నీ తప్పని అనుకోవాకు. మనం టెస్టు చేసినాం గదా?"

"గుప్తా, శర్మలతో చేసినాం సార్."

ఆయన నోటుబుక్కు తెచ్చి ఆ పేజీ తీసి, పది పేర్లూ మళ్లీ చదువుకున్నాడు. తర్వాతి యేడాది నుంచి ఆ పేపరు చదివే పిల్లలు తమ వీధిలో ఇరవై ఇళ్ల పేర్లు రాసుకొచ్చి వాటితోనే టెస్టు చేయాలని నియమం పెట్టాడు. ఎందుకో మాత్రం వాళ్లకు చెప్పలేదు. ఆయన మీద నాకున్న గౌరవం, ఫిర్యాదు రెండూ ఈ రెండు వాక్యాల్లో ఉన్నాయి.

చెత్తకు అచ్చు ఎందుకు

తర్వాత విత్తనాల కంపెనీలో చేరి అక్కడే మానేశాను. మధ్యలో నేర్చుకున్నది చాలా ఉంది, మీకు పనికొచ్చేది ఒకటే. తీసేసిన పేర్ల జాబితాను విడిగా అచ్చు వేయించండి. ఉంచిన పేర్లను అందరూ చూస్తారు. తీసేసినవాళ్ల తరఫున అడిగేవాళ్లు ఎవరూ ఉండరు, వాళ్లు ఆ గదిలో ఉండరు కాబట్టి.

నా మొదటి మేనేజరు శేషశయనం గారికి ఇది గిట్టేది కాదు. బండి ఆత్మకూరు వైపు ఊళ్లలో మాకు పత్తి విత్తనం పండించే రైతుల జాబితా తయారు చేశాం. రెండుసార్లు వచ్చిన పేర్లు తీసేశాం. తీసేసినవి కూడా అచ్చు వేశాను.

"ఇదేందమ్మా? చెత్తకు కూడా అచ్చా? కాగితం దండగ."

"మీ ఇంట్లో ఉంగరం పోతే యాడ వెతుకుతారు సార్?"

"ఇల్లంతా వెతుకుతాం."

"ఇల్లు ఊడ్చి పారేసిన తర్వాత?"

ఆయనకు కోపం వచ్చింది. నాకూ వచ్చింది. ఆ జాబితాను ఆ ఊరి రైతునే ఒకాయన్ని పిలిపించి గట్టిగా చదివించాను. నాలుగో పేరు దగ్గర ఆయన ఆగి, "ఈ మద్దిలేటి వేరే, ఆ మద్దిలేటి వేరే తల్లీ. ఇతను నడిపోడు," అన్నాడు. శేషశయనం గారు సంతకం పెట్టి పోయాడు. బాగుంది అనలేదు. ఆ రోజు నుంచి మానేసేదాకా చెత్తకు అచ్చు వేస్తూనే ఉన్నాను. నన్ను మొండిది అన్నారు. నిజమే. మర్యాదస్తులు తయారు చేసిన జాబితాలు నేను చాలా చూశాను.

యంత్రం తప్పు చేసింది అని చెప్పేవాళ్లను ఈ వృత్తిలో మీరు రోజూ చూస్తారు. యంత్రం మేం చెప్పింది చెప్పినట్టు చేసింది. మేమూ పుస్తకం చెప్పింది చెప్పినట్టు చేశాం. పుస్తకం రాసినాయన అహోబిలం చూసి ఉండడు. మేం చూశాం. అదీ తేడా.

పంతొమ్మిది

ఇది చివర రాయడానికి కారణం, ఇది ఇంకా పూర్తి కాలేదు.

ఆళ్లగడ్డ నుంచి తిరిగొచ్చిన మర్నాడే చంద్రమౌళి సెంటర్లో పోయినేటి జాబితా ఫ్లాపీ పెట్టి వెతికాను. చిన్న ఓబులేసును తీసేసినట్టే ఇంకెవరిని తీసేశామో చూడాలి. మా ప్రోగ్రాం చివర ఒక్క వరుస అచ్చు వేసేది. తీసేసిన పేర్లు: 19. అంతే. పేర్లు లేవు. తీసేసిన తర్వాత పాత ఫైలు మీదనే కొత్త ఫైలు రాసేటట్టు పెట్టాం, ఫ్లాపీలో చోటు మిగలాలని. అది కూడా నా సలహానే.

ఊళ్ల నుంచి వచ్చిన చీటీలు ఉంటే చాలనుకుని ఆళ్లగడ్డకు పోయాను. దానియేలు మామ తల పట్టుకున్నాడు. "నువ్వే గదమ్మా అంటివి, అంతా కంప్యూటర్లోకి పోయింది, ఈ చీటీలు ఇంక యాంటికి మామా అని? బజ్జీల బండాయన అడిగితే ఇచ్చేసినా."

బజ్జీల బండి దాకా కూడా పోయాం. యేడాది కిందటి కాగితాలు ఆయన దగ్గర ఎందుకుంటాయి?

నేను, ఎస్తేరు మూడు ఆదివారాలు తిరిగాం. దానియేలు మామకు గుర్తున్న ఊళ్లన్నిటికీ పోయి, పోయినేడు గేటు నుంచి వెనక్కి వచ్చినవాళ్లు ఉన్నారా అని అడిగాం. నలుగురు నిజంగానే రెండో కంటి కోసం మళ్లీ రాయించినవాళ్లు దొరికారు. వాళ్లు నవ్వుతూ ఒప్పుకున్నారు. ఒక పెద్ద ఓబుళమ్మ దొరికింది, చెల్లెలికి అయితే తనకు అయినట్టు మా జాబితాలో పడిన మనిషి. ఆమెకు ఇంకా సమయం మించలేదు, అదే నెలలో కర్నూలుకు తోలుకుపోయి చేయించాం. నల్లమల అంచున ఒక చెంచు గూడేనికి పోతే, చీటీ రాసిన బడిపంతులు అక్కడి ముగ్గురి పేర్లూ మల్లయ్య అనే రాశాడని, నాయన పేర్లు అడగలేదని తెలిసింది. ఆ ముగ్గురూ వెదురు కొట్టే పనికి అడవి లోపలికి పోయి ఉన్నారు. ఎప్పుడొస్తారని అడిగాను. పని అయినప్పుడు అన్నారు. తర్వాత ఇంకో రెండుసార్లు పోయాను. దొరకలేదు.

చిన్న ఓబులేసు, ఓబుళమ్మ, ఆ నలుగురు కలిపి ఆరుగురు. గూడెం వాళ్లు ముగ్గురూ ఆ లెక్కలోనివాళ్లేనని గట్టిగా చెప్పలేను. వాళ్లు కాకపోతే ఇంకా ఎవరో తెలియనివాళ్లు పదమూడు మంది.

ఎస్తేరు టీచరుగా పనిచేసి ఆళ్లగడ్డలోనే ఉంది. దానియేలు మామ పోయాడు. ఓబులేసులిద్దరూ పోయారని విన్నాను. తమ్ముడు ఆ ఒక్క కంటితో మళ్లీ ఉలి పట్టాడని, పని కాస్త నిదానమైందని పెద్దాయన కొడుకు చెప్పాడు.

ఇది చదివేవాళ్లలో ఆ పక్క ఊళ్ల వాళ్లు ఉంటారు. మీ ఇంట్లో అవ్వో తాతో, ఆళ్లగడ్డ కంటి క్యాంపు గేటు దాకా పోయి, నీకు అయిపోయింది పొమ్మంటే ఎదురు చెప్పకుండా తిరిగొచ్చినవాళ్లు ఉన్నారా? ఆ తర్వాత వాళ్లకు చూపు ఉందా, పోయిందా? వాళ్ల పేరుకు ముందు ఏముండేది, పెద్దా, నడిపా, చిన్నా?